గోధుమగడ్డి జడలు

మూడు పాయలు తీసి జడ యల్లుట మన యాడుపిల్లలకు ప్రత్యేకముగ నేర్పవలసిన విద్య కాదు. చెల్లెలిని ముందు కూర్చుండబెట్టుకొని తల దువ్వుచు దువ్వుచునే వచ్చును. నాలుగు పాయల జడ వేయగలవారు ప్రతి వీథిలోను ఒకరిద్దఱుందురు. ఇక ఏడు పాయలతో, అదియు వెండ్రుకలతో గాక తడిసిన గోధుమగడ్డితో, చేతివంక చూడకయే, వీథివెంట నడచుచు, పొరుగింటామెతో ముచ్చటలాడుచు, గజములకొలది యల్లుకొనిపోవు స్త్రీలను మనస్సున నూహింపుడు. ఆ జడ తలకు గాదు, టోపీకి. దానిని చుట్లుచుట్లుగా త్రిప్పి కుట్టినచో దొరసానులు ధరించు గడ్డిటోపీ యగును.

ఇట్టి స్త్రీలు ఇంగ్లండు దేశమున, విక్టోరియా రాణి యేలిన 1837 మొదలు 1901 వఱకు గల కాలమున, కొన్ని జిల్లాలలో ఊరూర నుండిరి. లండను నగరమునకు ఉత్తరముగ బెడ్‌ఫర్డ్‌షైరు, హార్ట్‌ఫర్డ్‌షైరు, బకింగ్‌హాంషైరు అను మూడు జిల్లాలు కలియుచోట నున్న సుద్దనేలలు వారి సీమ. దొరసాని యన్న మాట వినినంతనే మనకు పట్టుగౌనును, పియానోయును, తెల్లని చేతిగొడుగును తలంపునకు వచ్చును. ఆ తలంపును కొంతసేపు ప్రక్కన బెట్టుడు. ఈ నెల మనము చూడబోవునది ఆ టోపీ పెట్టుకొన్న యామెను గాదు, కూలివాని భార్యను.

అక్కడి గ్రామసీమకు పారిష్ అని పేరు. ఒక చర్చి, దాని చుట్టునుగల యిండ్లు, పొలములు, పచ్చికబయళ్లు కలిసి యొక పారిష్. ఊరివారి బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు వ్రాసి యుంచుటకు ప్రతి చర్చిలోను ఒక పుస్తకముండవలెనని 1538లోనే రాజాజ్ఞ యయ్యెను. ఊరిలోని బీదలను పోషించు భారము 1601 నాటి చట్టముచేత పారిష్‌పైననే పడెను. ఆస్తిగలవారియొద్ద పన్ను రాబట్టి ముసలివారికి, వితంతువులకు, అనాథలకు ఇంతింత యని పంచెడివారు. 1834లో ఆ పద్ధతి మార్చబడెను. అనేక పారిష్‌లను గలిపి యొక పనియిల్లు కట్టించి, దేహదార్ఢ్యముండియు సాయము కోరువాడు కుటుంబముతో నందు చేరవలెనని విధించిరి. చేరినంతనే భర్త యొకవైపు, భార్య యొకవైపు, బిడ్డలు వేఱొకవైపు. గోడకు ఈవలనున్న తల్లి ఆవలనున్న బిడ్డను చూడవలెనన్నను అధికారి యనుమతి కావలయును. ఆ పనియింటి గడప త్రొక్కకుండ బ్రదుకుటయే అక్కడి కూలివాని సంసారమున మొదటి లెక్క. ఈ మాట మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.

ఊరిలో అందఱికంటె పైన భూస్వామి, ఆయన తరువాత చర్చి గురువు. వారి వెనుక, భూమిని గుత్తకు దీసికొని సేద్యము చేయు రైతులు. వారి క్రింద కమ్మరి, వడ్రంగి, చెప్పులు కుట్టువాడు, మరయజమాని, అంగడివాడు, వారమున కొకటి రెండుసారులు సంతపట్టణమునకు బండి తోలి సరకులను, మనుష్యులను చేరవేయువాడు. అందఱికి క్రింద పొలపు కూలివాడు. చర్చిలో కూర్చుండు బల్లలుసైతము చాలచోట్ల ఈ వరుసనే పంచుకొనబడియుండెను. భూస్వామి భార్య యెదురైనచో కూలివాని భార్య మోకాలు వంచి మర్యాద చూపవలెను.

ఆ వృత్తులవారి పనులు చూచినచో మన పల్లెలే కనులముందు నిలుచును. బండిచక్రమునకు నడిమి కుండ ఎల్మ్ కొయ్యతోను, ఆకులు ఓక్ కొయ్యతోను, చుట్టుకొయ్యలు ఆష్ కొయ్యతోను చేసెడివారు. పగులని కొయ్య యొకచోట, బరువు మోయు కొయ్య యొకచోట, వంగినను విఱుగని కొయ్య యొకచోట. వడ్రంగి చక్రము ముగించినపిదప కమ్మరి దానికంటె రవంత చిన్నదైన ఇనుపపట్టాను నిప్పులో ఎఱ్ఱగ గాల్చి, ఇద్దఱు ముగ్గురు పట్టుకారులతో నెత్తి చక్రముపై దింపి, కొయ్య మండిపోకమునుపే నీళ్లు గ్రుమ్మరించును. ఇనుము చల్లారి బిగియుచుండగా కీళ్లన్నియు కిర్రున నొకదానిలో నొకటి చొచ్చుకొనును. మన బండ్లకు పట్టా వేయుటయు నిట్లేకదా. కమ్మరి చనిపోయినచో కొన్ని యూళ్లలో వాని వితంతువే పనివారిని బెట్టి కొలిమి నడపుచుండుట నాటి వ్యాపారపట్టికలలో గనబడుచున్నది. ఆ పట్టికలలో కమ్మరి పేరుండును, సారాయంగడి పేరుండును, మర పేరుండును. గడ్డిజడ లల్లు స్త్రీ పేరు మాత్రము వెదకినను దొరకదు. ఒక్కొక యూరిలో కమ్మరి యొక్కడే యుండును. జడలల్లువారు ఇంటింటను ఉందురు. అయినను వారిది వ్యాపారమని పట్టిక వ్రాసినవారికి తోచలేదు.

ఇక నింటి లెక్క చూతము. ఆ దేశపు నాటి నాణెములలో పండ్రెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరువది షిల్లింగులు ఒక పౌనుగ నుండెను. 1850, 1851 సంవత్సరములలో జేమ్స్ కెయర్డ్ అనునాయన దేశమంతయు దిరిగి వ్యవసాయస్థితిని వ్రాసెను. గనులు, యంత్రశాలలు కూలివారికొఱకు పోటీపడు ఉత్తరపు జిల్లాలలో పొలపుపనివానికి వారమునకు సగటున 11 షిల్లింగుల 6 పెన్నీలును, దక్షిణపు జిల్లాలలో 8 షిల్లింగుల 5 పెన్నీలును వచ్చుచున్నట్లు ఆయన తేల్చెను. మన గడ్డిజడల సీమ దక్షిణమునకు జేరినదే. ఆ కూలిలోనుండి ఇంటి యద్దె పోవలెను. మిగిలినదానిలో పెద్దభాగము రొట్టెకే. వాన కురిసి పని లేనినాడు కూలియు లేదు. 1863లో డాక్టరు ఎడ్వర్డు స్మిత్ బీదల యాహారమును విచారించినప్పుడు, ఇంటిలో నున్న కొంచెము మాంసము పొలమునకు బోవు మగవానికి పెట్టి, భార్యయు బిడ్డలును రొట్టెతోను, ఉర్లగడ్డలతోను, పలుచని తేనీటితోను సరిపెట్టుకొనుచున్నట్లు కనుగొనెను. దీనిని చదివి మనలో నెవరికిని ఆశ్చర్యము కలుగదనుకొందును.

ఈ యెనిమిది షిల్లింగులకును ఏడెనిమిది నోళ్లకును నడుమ నున్న అగాధమును పూడ్చినవి గడ్డిజడలు.

గడ్డి యన్నంత మాత్రమున ఏ గడ్డియైనను చాలదు. సుద్దనేలలో పండిన గోధుమకాడ సన్నగను, నిగనిగలాడుచును, వంచినను విఱుగకుండను ఉండును. గడ్డి వర్తకులు రైతులయొద్ద కట్టలు కొని, కాడలను ఒక్కొక్కటిగ లాగి, కణుపునకు కణుపునకు నడుమనున్న నునుపైన ముక్కను మాత్రము కోయింతురు. వానిని గంధకపు పొగలో నుంచినచో పసుపుచాయ పోయి తెల్లబడును. పిమ్మట వేఱువేఱు కన్నుల జల్లెడలలో వేసి లావు సన్నములు వేఱుచేసి, చిన్నచిన్న కట్టలుగ సంతలో అమ్ముదురు. ఇంటి యామె ఆ కట్టలను తన డబ్బుతో కొనవలయును. గడ్డి యని మనము త్రోసివేయు వస్తువునకు ఆమె ముందుగా పెట్టుబడి పెట్టుచుండెను.

సన్నని జడ కావలెనన్నచో కాడను నిలువున చీల్చవలెను. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమునాటికి దానికి చక్కని చిన్న పనిముట్టు వచ్చెను. నడుమ నొక ముల్లు, దాని చుట్టును చక్రపు ఆకులవలె అంచులు. కాడ బొందును ఆ ముల్లుకు గ్రుచ్చి ముందుకు నెట్టినచో ఆకు లెన్నియో కాడ అన్ని చీలికలై వచ్చును. ఫ్రెంచివారితో యుద్ధము జరుగుచున్నప్పుడు చెఱలోనున్న సైనికులు దీనిని కల్పించిరని చెప్పుకొనువారు కలరు. ఎవరు కల్పించినను దానివలన ఒక్క కాడ నుండి అనేక పాయలు దొరకి, పెట్టుబడి తగ్గెను.

చీల్చిన పాయలను ఎడమచంకలో నిఱికించుకొని, ఒక్కొక్కటిగ నోటితో తడుపుచు అల్లవలెను. పాయ ముగియవచ్చినప్పుడు క్రొత్త పాయ నెక్కడ చొప్పించిరో కనబడకుండ చొప్పించుటలోనే నేర్పంతయు నున్నది. మిగులు కొనలను పిమ్మట కత్తిరించి, తలుపు ప్రక్కన బిగించిన చిన్న కొయ్యమరలో జడను రెండు రోలరుల నడుమ నడిపి చదును చేయుదురు. పొయ్యిపై నుండు బల్లయంచున గజపు గుర్తులు గాటులుగ పెట్టియుండును; దానిపై కొలిచి ఇరువది గజముల కొక చుట్టగ చుట్టుదురు. ఇరువది గజములే బేరపు లెక్క. మూడు పాయలది, నాలుగు పాయలది, ఏడు పాయలది, అంతకు మించినది, నిండుకాడది, చీలికలది, ఒక్కొక్క అల్లికకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క వెల. ఒక యేడు ఒక యల్లిక మోజు, మఱుయేడు మఱియొకటి. లండనులోని దొరసానుల యభిరుచి మాఱినచో ఈ పల్లెలోని పొయ్యిమీద కుండ తేలికయగును.

జడలు అమ్ముటకు లూటను, డన్‌స్టబుల్, హిచిన్, ట్రింగ్ పట్టణములలో సంతలుండెను. లూటనులో వీథిలోనే జరుగుచుండిన సంతకు 1869లో విశాలమైన శాలలు కట్టించిరి. వర్తకుడు చుట్ట విప్పి కొలుచును. కొలత తక్కువైనచో, పాయలలో నొకటి నల్లబడినచో వెల తగ్గించును. మైళ్లకొలది నడిచివచ్చిన స్త్రీకి, ఆ వెలకు ఇచ్చుటయో మరల మోసికొనిపోవుటయో తక్క వేఱు దారి లేదు. వచ్చిన డబ్బులో కొంత తీసి వచ్చేవారపు గడ్డి కొని, మిగిలినదానితో పిండియో చెప్పులో కొని యింటికి పోవును. ఫ్రెంచియుద్ధముల నాడు ఇటలీనుండి వచ్చు మేలైన జడలు రాకుండుటచేత ఈ సీమలో వెలలు పెరిగి, నేర్పరియైన స్త్రీ తన మగని కూలికి మించి గడించిన దినములును గలవు. విక్టోరియా కాలమున నంత లేదు. అయినను ఇద్దఱు కూతుళ్లతో కలిసి తల్లి యల్లినచో ఆ యింటికి పనియింటి భయము తగ్గెడిది.

ఇంతటి యుపకారము చేయు పనిని పెద్దలు మెచ్చుకొనిరా? లేదు. ఈ సీమ గుఱించి ఆ కాలపు గురువులు, భూస్వాములు, విచారణాధికారులు వ్రాసిన మాటలు చూచినచో నవ్వును, కోపమును ఒక్కసారిగ వచ్చును. జడలల్లు పిల్లలు వీథులలో గుంపులుగ తిరుగుదురట. రంగు రిబ్బనులు కొనుక్కొందురట. కుట్టుపని రాదట, వంట రాదట. పెద్దలయెడ వినయము లేదట. అన్నిటికంటె పెద్ద నేరము, దొరల యిండ్లలో దాసీపనికి పోరట! అసలు నొప్పి యిక్కడ నున్నదని నాకు తోచుచున్నది. పండ్రెండేండ్ల పిల్లను ఏడాదికి కొద్ది పౌనులకు తెల్లవాఱినది మొదలు రాత్రి వఱకు చాకిరి చేయించుకొనుటకు అలవాటుపడినవారికి, ఆ పిల్ల తన యింటి గడపమీద కూర్చుండి నాలుగు డబ్బులు గడించుకొనుట దుర్నీతిగ గనబడుట వింత కాదు. వంట రాదన్న మాటకు సమాధానమును వేఱుగ చెప్పనక్కఱలేదు. రొట్టెయు, ఉర్లగడ్డలును తప్ప వండుటకు ఇంటిలో ఏమి యుండెను?

మఱియొక సంగతి. ఆమె గడించిన డబ్బు చట్టప్రకార మామెది గాదు. పెండ్లియైన స్త్రీ సంపాదన యంతయు భర్తదే యని ఆ దేశపు పూర్వన్యాయము. సంతలో అమ్మి తెచ్చిన షిల్లింగును మగడు సారాయంగడిలో పోసి వచ్చినను, అది నాది యని యడుగుటకు ఆమెకు హక్కు లేకుండెను. 1870 నాటి చట్టముచేత భార్య తన చేతిపనివలన గడించినది ఆమె సొత్తయ్యెను; 1882 నాటి చట్టము తక్కిన యాస్తికిని ఆ హక్కు నొసగెను. 1870 అన్న సంవత్సరమును గుఱుతుంచుకొనుడు. దానితో మరల పని పడును.

ఈ పని యంతయు వెన్నెల యని నేను చెప్పినచో అసత్యమగును. దీనిలోని చీకటి యంతయు పిల్లలపై పడెను. మూడు నాలుగేండ్ల పసివారిని సైతము జడబడులకు పంపుచుండిరి. పేరునకు బడి, పది పండ్రెండడుగుల గదిలో ఇరువది ముప్పదిమంది బిడ్డలు ఒకరినొకరు ఒరసికొని కూర్చుండి గడ్డి యల్లుట తప్ప అక్కడ చదువు లేదు. పంతులమ్మకే యక్షరములు రాకుండుటయు గలదు. తల్లి వారమునకు రెండు పెన్నీలో మూడు పెన్నీలో కట్టి, దినమున కిన్ని గజములు అల్లించవలెనని చెప్పి పోవును. అల్లించుటకు పంతులమ్మ బెత్తము పట్టుకొని యుండును. గడ్డిపాయను మాటిమాటికి నోట తడుపుటచేత పెదవుల మూలలు కోసుకొనిపోవుచుండెను. 1860 తరువాత ప్రభుత్వమువారు పంపిన విచారణాధికారులు ఈ గదులను చూచి వ్రాసినది చదువుట కష్టము. 1867 నాటి చట్టము ఎనిమిదేండ్లలోపు బిడ్డలచే చేతిపని చేయింపరాదనియు, ఎనిమిది మొదలు పదుమూడేండ్ల వఱకు నున్నవారు వారమునకు కనీసము పది గంటలు బడిలో నుండవలెననియు శాసించెను. కాని ప్రతి గుడిసెలోను తొంగిచూచు అధికారి యెక్కడ నున్నాడు? తల్లులను తప్పుపట్టుట సులభము. తన బిడ్డ గజములు లెక్కపెట్టుకొని కొట్టించు తల్లిని చూచి నాకును మనస్సు చివుక్కుమనును. ఆ గజములు లేనివారమున కొట్టు బాకీ యెట్లు తీరునో ఆ తల్లికి తెలియును, మనకు తెలియదు. 1870లో విద్యాచట్టము వచ్చెను. 1880లో పదేండ్ల వఱకు బడికి పోవుట తప్పనిసరి యయ్యెను. 1891లో జీతము లేని చదువు చాలవఱకు దొరకెను. అంతవఱకును చదువన్నచో తల్లికి రెండు నష్టములు: బడి జీతము పోవును, బిడ్డ యల్లు జడయు పోవును.

ఇదే బెడ్‌ఫర్డ్‌షైరులో ఉత్తరపు టూళ్లకు పోయినచో గడ్డికి బదులు దారము. అక్కడి స్త్రీలు గట్టిదిండును ఒడిలో బెట్టుకొని, దానిపై తోలుకాగితపు నమూనా పఱచి, గుండుసూదులు గ్రుచ్చి, చిన్న కొయ్యకండెలను అటునిటు వేయుచు లేసు అల్లుచుండిరి. ఒక్కొక్క కండెకు పూసలు తగిలించి యుండును. రాత్రివేళ నడుమ నొక క్రొవ్వొత్తి, దానిచుట్టు నీళ్లు నింపిన గాజుబుడ్లు. ఆ బుడ్లద్వారా వెలుగు ఒక్కచోట బడును. ఒక్క క్రొవ్వొత్తి వెలుగులో పలువురు పనిచేయుదురు. తెల్లని దారమునకు మసి సోకునను భయముచే పొయ్యి దగ్గఱ కూర్చుండరు. నిప్పుబూడిద నింపిన చిన్న మట్టికుండను పాదములచెంత పెట్టుకొందురు. మన కుంపటియే యనుకొనుడు. యంత్రపు లేసు వచ్చి ఈ పనిని ముందుగనే క్రుంగదీసెను.

కోతల కాలమున మాత్రము గడ్డిజడయు, లేసుదిండును ప్రక్కన బడును. స్త్రీలందఱు పరిగె కేగుదురు. రైతు పంట తీసికొనిపోయినపిదప చేనిలో మిగిలిన వెన్నులేరుకొను హక్కు బీదలకు చట్టరీత్యా లేదని 1788లోనే న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఊరి యాచారమును ఆపలేకపోయెను. అనేక పారిష్‌లలో ఉదయమున చర్చి గంట మ్రోగువఱకు ఎవరును చేనిలో అడుగు పెట్టరాదు. సాయంకాలము మరల గంట మ్రోగినచో అందఱును బయటికి రావలెను. చంటిబిడ్డ గల తల్లి, ముసలి యామె, గట్టి పిల్ల, అందఱికి ఒక్కసారి యారంభము కావలెనని ఈ కట్టుబాటు. నడుము వంచి ఏరిన ఆ గింజలను మరకు పంపి పిండి పట్టించుకొనినచో కొన్ని వారములు, అదృష్టము బాగున్నచో చలికాలపు పెద్దభాగము, రొట్టె కొననక్కఱలేదు. కోతయంత్రములును, గుఱ్ఱపు పండ్లకఱ్ఱలును వచ్చి చేను శుభ్రముగ గోకినపిదప ఏరుటకు ఏమియు మిగులలేదు.

మఱియొక చిన్న యాచారము నాకు మిక్కిలి నచ్చినది. అనేక యూళ్లలో గురువుగారి యింట నొక పెట్టె యుండెను. అందు పసిబిడ్డ చొక్కాలు, పొత్తిగుడ్డలు, తల్లికి దుప్పట్లు, కొంచెము తేయాకు, చక్కెర. ప్రసవించు స్త్రీకి ఆ పెట్టెను నెలదినములు ఎరువిత్తురు. ఆమె గుడ్డలన్నియు ఉదికి, మడిచి, తిరిగి పంపవలెను. తరువాత మఱియొక యింటికి. మంత్రసాని ఊరిలోని యొక ముసలియామె. ఆ పనికి శిక్షణయు, అనుమతిపత్రమును ఉండవలెనను చట్టము 1902లో గాని రాలేదు. అట్లే వారమునకు ఒక పెన్నీ చొప్పున గురువుగారి భార్యయొద్ద కట్టుచు వచ్చినచో ఏటికొకసారి ఆ మొత్తమునకు దొరలు మఱికొంత కలిపి బట్టలకో, బొగ్గులకో ఇప్పించెడివారు. చీటీ కట్టు అలవాటుగల మన స్త్రీల కిది వివరింపనక్కఱలేదు. ఆ కలుపుడు ఊరక వచ్చునది గాదు. చర్చికి రానివారికి, ఎదురుమాట లాడినవారికి అది దొరకునో దొరకదో యను సంశయము ఎప్పుడును ఉండెడిది.

ఇక 1870 మాట. ఏ సంవత్సరమున భార్య సంపాదన ఆమెదే యని చట్టము వచ్చెనో, ఆ తరువాతి పదియేండ్లలోనే ఆ సంపాదన యెండిపోసాగెను. చైనానుండి గడ్డిజడలు ఓడలలో దిగెను. కొన్నాళ్లకు జపానునుండియు దిగెను. అంత దూరము మోసికొని వచ్చినను అవి లూటను సంతలో ఇంగ్లీషు జడకంటె చౌక. టోపీ కుట్టు వ్యాపారులు నష్టపడలేదు. వారికి ముడిసరకు చౌకగ దొరకి, లూటను మఱింత పెరిగెను. నష్టపడినది పల్లెలోని యామె. ఇరువది గజములకు వచ్చు వెల గడ్డి కొనుటకే చాలని దినములు వచ్చెను. ఆ చైనా జడలను అల్లినవారెవరు? షాన్‌డంగ్ సీమ పల్లెలలో, తమ గుడిసెల గడపలమీద కూర్చున్న బీదవారే. బెడ్‌ఫర్డ్‌షైరులోని యామెకు వారి పేరు తెలియదు, వారికి ఈమె పేరు తెలియదు. ఇద్దఱి చుట్టలను ఒకే బల్లపై బెట్టి వెలగట్టినవాడు మాత్రము ఇద్దఱిని ఎఱుగును.

అదే కాలమున అమెరికానుండి చౌకధాన్యము వచ్చి సేద్యమును క్రుంగినది. 1879లో ఎడతెగని వానలకు పంటలు కుళ్లెను. 1872లో జోసెఫ్ ఆర్చి యనునాయన వారిక్‌షైరులో కూలివారిని కూడగట్టి సంఘము పెట్టగా కూలి కొంత పెరిగెను గాని, జడల డబ్బు పోయిన లోటు తీరలేదు. పిల్లలు పట్టణములకు, దాసీపనులకు, టోపీల కార్ఖానాలకు పోయిరి. వినయము లేదని వగచిన పెద్దలకు చౌకగ పనిపిల్లలు దొరకిరి. ముసలివారు మాత్రము చేతివాటము పోనీయక కొన్నేండ్లు అల్లుచు కూర్చుండిరి. డెబ్బదియేండ్లు నిండిన బీదలకు వారమునకు 5 షిల్లింగుల వఱకు ప్రభుత్వపు పింఛను 1909 జనవరి మొదటి తేదీనుండి యిచ్చిరి. అప్పటికి విక్టోరియా రాణి గతించి యెనిమిదేండ్లగుచుండెను.

ఈ స్త్రీల సంగతి నేడు మనకెట్లు తెలియుచున్నది? జనాభాలెక్కల పుస్తకములవలన. అదియు నొక చిత్రమైన కథ. 1841 లెక్కలలో భార్యల వృత్తి వ్రాయనక్కఱలేదని లెక్కగాండ్రకు ఉత్తరువు. 1851లో, ఇంటిపని గాక వేఱుపని క్రమముగ చేయు స్త్రీల పనిని వ్రాయుడని చెప్పిరి. అందుచే ఈ మూడు జిల్లాల పుటలలో కూలివాని పేరు క్రింద భార్య, కూతురు, మఱియొక కూతురు, అవ్వ, అందఱి కెదుటను గడ్డిజడ లల్లునది యని వరుసగ కనబడుచుండును. తక్కిన జిల్లాలలో చాలచోట్ల భార్య గడి ఖాళీ. అక్కడి స్త్రీలు కలుపు తీయలేదా, ఱాళ్లేరలేదా, బట్టలుదుకలేదా? 1881 లెక్కలలో నైతే, ఇంటిపని చేయు భార్యలను పనిలేనివారి తరగతిలోనే చేర్చివైచిరి.

మన గోదావరి సీమయు ఈ కథకు దూరము గాదు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీ స్త్రీలు అక్కడ లేసు అల్లిక నేర్పిరి. నరసాపురము చుట్టుప్రక్కల గ్రామములలో వేలకొలది స్త్రీలు దానిని జీవనోపాధిగ చేసికొనిరి. మారియా మీస్ అను జర్మను పండితురాలు వారినడుమ నుండి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ లేసు సముద్రములు దాటి పోవుచున్నను, అల్లినవారిని పనివారని యెవరును లెక్కింపక, తీఱిక వేళ కాలక్షేపమునకు అల్లు గృహిణులని వర్తకులు చెప్పుచుండిరని ఆమె వ్రాసెను.

జనాభా పుస్తకములను మూసి పారిష్ చర్చిలోని వివాహపు పుస్తకము తెఱచినచో నింకొకటి కనబడును. 1837నుండి అచ్చు గడులతో వచ్చిన పుస్తకములవి. పేరు, వయస్సు, వృత్తి, తండ్రి పేరు, తండ్రి వృత్తి. తల్లి పేరునకు గడియే లేదు. ఇంగ్లండులో ఆ గడి 2021 మే నెలలో గాని చేర్చబడలేదు. వరుని యెదుట కూలివాడని యుండును. వధువు వృత్తి యుండవలసినచోట పెక్కుసారులు ఒక గీత, లేదా ఏమియు లేదు. సంతకము చేయవలసినచోట, చేవ్రాలు రాని వధువు గుణకారపు గుర్తు వంటి రెండు గీతలు పెట్టును. దాని ప్రక్కన ఈమె గుర్తు అని గురువుగారు వ్రాయుదురు. ఆ గీతలు కొన్ని వంకర పోయి, కొన్నిట సిరా చెదరి, ఒకదానికొకటి సరిగ తగులక యున్నవి. ఏడు పాయలను కన్నెత్తక యల్లిన చేతులు కలము పట్టుట చాలమంది కదియే మొదటిసారి.